కొమ్మ తెగని దారి: శేషాచలం పాదాన దేవాంగపిల్లి ఆవాసాల మ్యాపింగ్, ఒక కేస్ స్టడీ

చిత్తూరు జిల్లాలో వన్యప్రాణుల కారిడార్ అనగానే అందరికీ ఏనుగే గుర్తుకొస్తుంది. 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు ఇటు రావడం, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడడం, ఆ తర్వాత పలమనేరు, కుప్పం వైపు పొలాల మీద పడే గుంపుల గురించి ఏటా వార్తలు రావడం వల్ల, కారిడార్ మ్యాప్ అంటే రెండు అడవులను కలుపుతూ కిలోమీటర్ల వెడల్పున గీసిన పచ్చటి పట్టీ అనే అభిప్రాయం అధికారుల్లోనూ, మాలాంటి జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపింగ్) పనివాళ్లలోనూ స్థిరపడిపోయింది. ఈ కేసులోని జంతువు బాగా పెరిగినా మూడు వందల గ్రాములు దాటడం అరుదు. దాని దారి వెడల్పు చాలాచోట్ల ఒక ముళ్లకంచె వెడల్పే.

దేవాంగపిల్లి పేరుకే పిల్లి; నిజానికి అది కోతుల వంశానికి దూరపు చుట్టమైన ప్రైమేట్. తోక కనిపించదు, కాళ్లూ చేతులూ సన్నగా పొడవుగా ఉంటాయి, ముఖంలో సగం కళ్లే. పగలంతా ముళ్లపొదల్లో, తీగల గుబురుల్లో ముడుచుకుని నిద్రపోయి, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయలుదేరుతుంది. మన దేశంలో ఉండే జాతి శాస్త్రీయ నామం లోరిస్ లైడెకేరియానస్. శ్రీలంకలో దీనికి తోడు లోరిస్ టార్డిగ్రాడస్ అనే మరో జాతి కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో దీనికి చోటు ఉంది. మన ప్రాంతంలో శేషాచలం కొండలతో పాటు, ఇప్పుడు తిరుపతి జిల్లాలో భాగమైన శ్రీహరికోట దీవిలోనూ ఇది బతుకుతోంది. పొరుగున తమిళనాడు ప్రభుత్వం 2022లో కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను కడవూర్ దేవాంగపిల్లి అభయారణ్యంగా ప్రకటించింది. ఈ జంతువు కోసమే ప్రత్యేకించి ఏర్పడిన అభయారణ్యం దేశంలో అదే మొదటిది.

మ్యాప్ గీసేవాడికి దీని గురించి తెలియాల్సిన ప్రధానమైన సంగతి ఒక్కటే: ఇది దూకదు. కోతిలా ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి ఎగరలేదు. వెనక కాళ్లతో ఒక కొమ్మను పట్టుకుని, ఒళ్లంతా చాచి, ముందు చేతులకు ఎదుటి కొమ్మ అందితేనే దాటుతుంది. అందకపోతే వెనక్కి తిరగాలి, లేదా నేల మీదికి దిగి నడవాలి. నేల మీద దాని నడక ఎంత నిదానమో చూసినవాళ్లకు, ఊరకుక్కలు, వాహనాలు దీన్ని ఎందుకు అంత తేలిగ్గా చంపగలవో వేరే చెప్పనక్కర్లేదు.

జంతువు కొలత, పిక్సెల్ కొలత

అటవీ అంచు గ్రామాల్లో పనిచేసే ఒక చిన్న సంస్థ మాకు ఈ పని అప్పగించింది. శేషాచలం కొండల నైరుతి పాదంలో, చంద్రగిరి నుంచి భాకరాపేట దాకా ఉన్న అటవీ అంచును, దాన్ని ఆనుకున్న మామిడి తోటలను, వంకలను, చెరువు కట్టలను కలిపి ఒకే మ్యాప్‌లో చూపాలి. అడవి నుంచి విడిపోయిన చిన్న గుట్టలకు ఈ జంతువు ఇంకా చేరగలుగుతోందా లేదా చెప్పాలి. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది, విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంత పెద్ద సంఖ్య చూసినప్పుడు ఇలాంటి చిన్న జంతువుకు చోటు కరువేమీ లేదనిపించడం సహజం.

దిండిగల్ ప్రాంతంలో పరిశోధకులు చేసిన అధ్యయనాల ప్రకారం ఒక ఆడ దేవాంగపిల్లి సంచరించే మేర సుమారు ఒకటిన్నర హెక్టార్లు, మగదానిది మూడున్నర హెక్టార్ల చిల్లర. ఆవాస యోగ్యత మ్యాపుల్లో అలవాటుగా వాడే వాతావరణ లేయర్ల (సమాచారపు పొరల) పిక్సెల్, అంటే మ్యాప్‌లోని ఒక్కో గడి, ఒక కిలోమీటరు చదరం, అంటే వంద హెక్టార్లు. ఒక్క పిక్సెల్‌లో పాతిక మగవాటి ప్రపంచాలు ఇమిడిపోతాయి. ఆ లేయర్లతో, జంతువు కనిపించిన చోట్లను బట్టి అది ఉండదగ్గ చోట్లను అంచనా వేసే మాక్సెంట్ లాంటి మోడల్ నడిపితే రంగులు అందంగానే వస్తాయి, పరీక్షలో మార్కులూ బాగానే వస్తాయి, కానీ ఏ చెట్టు కొట్టకూడదో ఆ మ్యాప్ చెప్పలేదు. అందువల్ల మేము వాతావరణ లేయర్లను పూర్తిగా పక్కనపెట్టి, మగదాని సంచార మేరకు దగ్గరగా ఉండేలా 200 మీటర్ల చదరాన్ని, అంటే నాలుగు హెక్టార్లను, సర్వే గడిగా తీసుకున్నాం. ఉపగ్రహ సమాచారం విషయంలో సెంటినల్‌-2 పది మీటర్ల చిత్రాలకు పరిమితమయ్యాం.

చిత్రాలను ఏ నెలవి తీసుకోవాలన్నది మొదట అనుకున్నంత చిన్న విషయం కాదు. మనకు నైరుతి వానల కంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలు కీలకం. వానలు వెనకబట్టాక తీసిన చిత్రంలో అడవి, పొద, గడ్డి, పులిచింతాకు పాకిన బంజరు, అన్నీ ఒకే పచ్చదనంతో కనిపిస్తాయి. ఎర్రచందనం జనవరి తర్వాత ఆకు రాల్చి మార్చి నాటికి మోడుగా నిలబడుతుంది. ఆ నెలలో కూడా పచ్చగా మిగిలేవి వంకల వెంట కానుగ, నేరేడు వరుసలు, ఆకు రాల్చని పొదల గుబురులు, మామిడి తోటలు. అందుకని జనవరి మొదటి వారాల చిత్రానికీ, మార్చి చివరి చిత్రానికీ మధ్య పచ్చదనంలో వచ్చిన తేడానే ఒక ప్రత్యేక లేయర్‌గా చేశాం. చివరికి మోడల్‌లో ఎక్కువ పనికొచ్చింది ఈ లేయరే.

రాత్రి నడక

శేషాచలంలో రాత్రిపూట తల మీద లైటు పెట్టుకుని తిరగడం మామూలు వ్యవహారం కాదు. ఎర్రచందనం దొంగల కోసం ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ గస్తీ తిరిగే కొండలివి. జాతీయ వనంలోగానీ అభయారణ్యంలోగానీ పరిశోధన కోసం అడుగుపెట్టాలంటే వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి ఉండాలి. అది చేతిలో ఉన్నా, ఏ రాత్రి ఏ బీటులో (గస్తీ పరిధిలో) ఎంతమంది ఉంటామో ముందే తెలియజేసి, వెంట ఒక వాచర్ లేకుండా కదలకూడదని మేమే నియమం పెట్టుకున్నాం. ఏనుగులూ చిరుతలూ తిరిగే చోట కాలిబాట వదిలి లోపలికి పోలేదు. ఈ పరిమితుల వల్ల సర్వే దారులన్నీ బాటల వెంటే సాగాయి కాబట్టి, బాటల పక్కన ఎక్కువ జంతువులు ఉన్నట్టు లెక్క తేలే ప్రమాదం ఉంది. మోడల్‌కు ఇచ్చే నేపథ్య బిందువులను (పోలిక కోసం తీసుకునే చోట్లను) కూడా అవే బాటల చుట్టుపక్కల నుంచి ఎంచుకోవడం ద్వారా ఈ పక్షపాతాన్ని చాలావరకు తగ్గించవచ్చు.

లైటుకు ఎర్ర కాగితం చుట్టి, గంటకు అర కిలోమీటరు మించని వేగంతో నడుస్తూ కంటి మెరుపు కోసం వెతకడమే పద్ధతి. దేవాంగపిల్లి కళ్లు నారింజ కలిసిన ఎరుపులో మెరుస్తాయి. రెండు కళ్లూ ముందుకే ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి బాగా దగ్గరగా, రెండూ ఒకేసారి వెలుగుతాయి. నేల మీద కూర్చున్న పక్షి కన్నయితే చాలాసార్లు ఒక్కటే కనిపిస్తుంది. మానుపిల్లి, పునుగుపిల్లి కళ్ల మధ్య ఎడం ఎక్కువ. తిరుమల పుణ్యమా అని పునుగుపిల్లి పేరు తెలియనివారు ఇక్కడ లేరు. దేవాంగపిల్లి అదృష్టం అలా లేదు. దాని కళ్లకూ ఒంటికీ మంత్రతంత్రాలు అంటగట్టి పట్టుకుని అమ్మే దురలవాటు మాత్రం చాలాచోట్ల ఉంది. మెరుపు కనిపించాక బైనాక్యులర్‌తో ఆకారం రూఢి చేసుకుని, అది ఉన్న చెట్టు పేరు, నేల నుంచి ఎత్తు, పక్క చెట్టుకు ఉన్న దూరం రాసుకుని ముందుకు కదిలేవాళ్లం. లైటు వేసి ఎక్కువసేపు నిలబడితే దానికి ఆ రాత్రి తిండి పోతుంది.

ఒక గడిలో కనిపించలేదంటే అక్కడ లేదని అర్థం కాదు. ఉన్న జంతువు ఒక రాత్రి నడకలో కంటబడే అవకాశం నూటికి నలభై అనుకుందాం. మూడు రాత్రులు నడిచినా అది ఒక్కసారి కూడా కనబడకుండా పోయే అవకాశం నూటికి దాదాపు 22 ఉంటుంది. ఈ లోపాన్ని లెక్కలోకి తీసుకునే ఆక్యుపెన్సీ మోడళ్లు 2002 నుంచి వాడుకలో ఉన్నాయి. ఒకే గడిని పలుమార్లు నడవడం వాటికి కనీస అవసరం. నిధులు తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ గడులు ఒక్కోసారి నడవాలా, తక్కువ గడులు పలుమార్లు నడవాలా అనే వాదన ప్రతి బృందంలోనూ వస్తుంది. ఇలాంటి దొరకని జంతువు విషయంలో నేను ఎప్పుడూ రెండో పక్షమే.

ఫలితాల్లో మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది అడవి నడిబొడ్డుకూ అంచుకూ ఉన్న తేడా. ఎర్రచందనం ఒక్కటే నిటారుగా పెరిగిన వాలుల్లో, పందిరి పలచగా, తీగలు లేకుండా ఉన్నచోట మాకు ఇవి దాదాపు కనిపించలేదు. పరికి కంప, సండ్ర, బలుసు, కలివి, జెముడు అల్లుకుపోయి మనిషి దూరలేని గుబురులున్న అంచుల్లో కనిపించాయి. ఇతర పొడి అడవుల్లో జరిగిన అధ్యయనాలు కూడా అంచు పొదల ప్రాముఖ్యాన్ని చెప్పినవే కాబట్టి ఇది కొత్త సంగతి కాదు. అయితే అటవీ శాఖ పరిభాషలో ఇదే పొద ‘క్షీణించిన అడవి’; ఏదైనా మొక్కలు నాటే పథకం వస్తే ముందుగా చదును అయ్యేది ఇదే.

కంచె అనే లేయర్

అడవి దాటి పట్టా భూముల్లోకి వచ్చేసరికి ఉపగ్రహం చేతులెత్తేసింది. రెండు, మూడు మీటర్ల వెడల్పున్న పచ్చి కంచె పది మీటర్ల పిక్సెల్‌లో తోటలో కలిసిపోతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. డ్రోన్ ఎగరేద్దామా అంటే తిరుమల మీద నిషేధం, రేణిగుంట విమానాశ్రయం చుట్టూ ఆంక్షలు. మా సర్వే ప్రాంతంలో కొంత భాగానికి అనుమతి దొరికే అవకాశం ఉన్నా, గాలిలోంచి తీసిన ఫోటోలో కొమ్మలు తగులుతున్నట్టు కనిపించడం వేరు, నిజంగా తగలడం వేరు. చివరికి కంచెలన్నిటినీ నడిచే గీయాల్సి వచ్చింది. ఫోన్‌లో క్యూఫీల్డ్ యాప్ తెరిచి, అడవి అంచున మొదలయ్యే ప్రతి కంచె వెంబడీ అది ఆగిపోయేదాకా నడవడం, ఎక్కడ సందు వచ్చిందో అక్కడ ఒక బిందువు వేయడం, ఇదీ పని.

సందులను ఎలా వర్గీకరించాలన్నది తేల్చింది ఒక తోట కాపలాదారు. యానాది పెద్దాయన, చిన్నప్పటి నుంచీ ఆ గుట్టల్లోనే తిరిగినవాడు. సందు ఎన్ని మీటర్లుందో మేము టేపు పట్టి కొలుస్తుంటే చూసి, “కొమ్మ కొమ్మకీ తగలాల సామీ. తగల్లేదంటే చెయ్యి సాచి అందుతాదా సూస్తాది. అందలేదా, ఆడనే కూచోనుంటాది, లేకుంటే దిగి కుక్కల పాలైతాది” అన్నాడు. మేము ఆ మాటనే మూడు తరగతులుగా రాసుకున్నాం: కొమ్మలు తగిలేది, ఒంటి పొడవు చాచితే అందేది, నేల దిగాల్సినది. మూడో తరగతిలో మళ్లీ నేల ఏమిటన్నది, అంటే మట్టిబాటా, తారురోడ్డా, దున్నిన చేనా అన్నది, వేరుగా నమోదు చేశాం. మీటర్ల లెక్క కంటే ఈ మూడు తరగతులే తర్వాత మోడల్‌లో నిలకడగా పనిచేశాయి, ఎందుకంటే ఇద్దరు వేర్వేరు మనుషులు వేర్వేరు రోజుల్లో నడిచినా దాదాపు ఒకే తరగతి రాసేవారు.

మామిడి తోటల గురించి విడిగా చెప్పాలి. తోతాపురి పాత తోటల్లో చెట్ల గుబురులు ఒకదానికొకటి తగులుతాయి, కాబట్టి మ్యాప్ మీద చూస్తే అది అడవికి కొనసాగింపులా కనిపిస్తుంది. అయితే పూతకాలంలో తేనెమంచు పురుగు కోసం వరుసగా మందులు కొట్టిన తోటలో పురుగులు తిని బతికే జంతువుకు తినడానికేం మిగులుతుంది? మా గమనికలో దేవాంగపిల్లి తోట చుట్టూ ఉన్న కంచెలో, గట్టు మీది చింతచెట్లలో కనిపించిందే తప్ప తోట నడుమ కనిపించడం అరుదు. అందుకే తోటలను ఆవాసంగా కాక, దాటిపోవడానికి పనికొచ్చే చోటుగా మాత్రమే లెక్కగట్టాం. కొత్తగా దగ్గర దగ్గరగా నాటి, ఏటా కొమ్మలు కత్తిరించే తోటలైతే దాటడానికి కూడా పనికిరావు.

నిరోధం, ప్రవాహం

కారిడార్ లెక్కకు సర్క్యూట్‌స్కేప్ వాడాం. బ్రాడ్ మెక్‌రే ప్రతిపాదించిన ఈ పద్ధతిలో నేలను విద్యుత్ వలయంగా భావిస్తారు: జంతువుకు కష్టమైన చోటుకు ఎక్కువ నిరోధం, సులువైన చోటుకు తక్కువ. ఒక ఆవాసం నుంచి ఇంకో ఆవాసానికి కరెంటు పంపితే అది ఒక్క దారినే పట్టుకోక, ఉన్న దారులన్నిటిలోనూ వాటి వాటి నిరోధాన్ని బట్టి పంచుకుపోతుంది. దారులన్నీ వచ్చి ఒకేచోట ఇరుక్కున్నప్పుడు అక్కడ ప్రవాహం ఒక్కసారిగా చిక్కబడుతుంది. అతి తక్కువ ఖర్చు దారిని ఒకే గీతగా చూపే పాత పద్ధతి కంటే ఇది మాకు నచ్చడానికి కారణం, ఏ చోటుకు ప్రత్యామ్నాయం ఉంది, ఏ చోటుకు లేదు అన్నది ఇది విడమర్చి చెప్పడమే.

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కు ఉంది. కంచెల గీతలను ఐదు మీటర్ల పిక్సెళ్లుగా మార్చేటప్పుడు మామూలు పద్ధతి వాడితే సన్నని కంచె ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. గీత తాకిన ప్రతి పిక్సెల్‌నూ లెక్కలోకి తీసుకునే పద్ధతి వాడితే కంచె నిలబడుతుంది కానీ, మూడు మీటర్ల నిజమైన సందులు కూడా పూడిపోతాయి. కాబట్టి ముందు కంచెలను రెండో పద్ధతిలో మార్చి, ఆ తర్వాత సందు బిందువులను వాటి తరగతి నిరోధంతో పైన అచ్చువేయాలి. ఈ వరుస తప్పితే మ్యాప్ మొత్తం అబద్ధమవుతుంది, చూడ్డానికి మాత్రం నిక్షేపంలా ఉంటుంది. పది కిలోమీటర్ల చదరాన్ని ఐదు మీటర్ల పిక్సెల్‌తో లెక్కిస్తే నలభై లక్షల గడులవుతాయి. అందుకే ఇంత సూక్ష్మమైన లెక్కను అడవికీ, విడిగుట్టలకూ మధ్యనున్న పట్టీలకే పరిమితం చేశాం.

నిరోధం విలువలు ఎంత అన్నది ఎవరూ కొలిచి చెప్పలేరు, అవి అనుభవం మీద వేసే అంచనాలే. అందువల్ల ఒక్కో విలువను సగానికి తగ్గించి, రెట్టింపు చేసి, మళ్లీ మళ్లీ నడిపి, ఏ అంచనాతో నడిపినా ఇరుకుగానే తేలిన చోట్లను మాత్రమే నివేదికలో పెట్టాం. అలా మిగిలినవి మూడు రకాలు: కానుగ వరుసతో కొండ నుంచి దిగే వంక, రెండు కంచెలను కలిపే చెరువు కట్ట మీది చింత, మర్రి చెట్లు, రోడ్డుకు ఇరువైపులా ఉన్న పాత చింతల గుబురులు పైన కలుసుకునే ఒక చిన్న మేర. ఊళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఈ జంతువుకు కొనేవాళ్లున్నారు కాబట్టి, కచ్చితమైన బిందువులున్న మ్యాప్ అటవీ అధికారుల చేతికే వెళ్లింది. పదిమందీ చూసే ప్రతిలో గడి పరిమాణాన్ని ఐదు కిలోమీటర్లకు పెంచాం.

సోలార్ తీగ, నాలుగు వరుసల రోడ్డు

మూడు ఇరుకుల్లో వంక ఒక్కటే ప్రస్తుతానికి నిలకడగా ఉంది. చెరువు కట్టను బలపరిచే పనుల్లో చెట్లు తీసేయకుండా చూడటానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కొంత ఆసరా ఇస్తుంది. కట్టలో వేళ్లు దిగితే గండి పడుతుందన్న ఇంజనీర్ల అభ్యంతరానికి విలువ లేకపోలేదు. అందువల్ల కట్ట మీది మొక్కలన్నిటి కోసం కాక, దారిని కలిపే కొన్ని చెట్ల కోసమే గుర్తులు వేసి ఇచ్చాం.

అసలు సమస్య కంచెలది. అడవి పందుల బాధ పడలేక, మరికొన్ని మండలాల్లో ఏనుగులకు భయపడి, రైతులు పాత పచ్చి కంచెలు తీసి సోలార్ తీగలు వేసుకుంటున్నారు. తీగకు ఆకు తగిలితే కరెంటు నేలలోకి పోయి తీగ బలం తగ్గుతుంది. కాబట్టి తీగ వెంట పొదలను మొదలంటా నరికి శుభ్రంగా ఉంచాలి. ఒక జంతువును ఆపడానికి వేసిన తీగ ఇంకో జంతువు దారిని ఇలా తుడిచిపెడుతోంది. పెద్ద జంతువుల సంఘర్షణ తగ్గించే పథకాల్లో సోలార్ కంచెకు రాయితీ ఇచ్చే చోట కూడా, పచ్చి కంచె ఏమవుతుందని అడిగే గడి దరఖాస్తులో ఉండదు. మేము సూచించినది, తీగను పాత కంచెకు ఒకటిన్నర మీటరు బయట వేసి, కంచెను లోపల ఉండనివ్వడం. పెద్ద తోటల యజమానులు కొందరు సరేనన్నారు. రెండెకరాల రైతుకు కంచె కిందా, ఆ ఖాళీ కిందా ఆ మేర భూమి వదులుకోవడం భారమే, కంచెలో ఎలుకలూ పాములూ చేరతాయన్న అతని మాట కూడా నిజమే. నష్టపరిహారం లేకుండా అతన్ని ఒప్పించబోవడం న్యాయం కాదని నివేదికలో స్పష్టంగా రాశాం.

ఇక మూడో ఇరుకు, నాలుగు వరుసలుగా విస్తరించబోయే రోడ్డు విషయంలో లెక్క మరీ కఠినం. ఏడు మీటర్ల తారు వెడల్పున్న రెండు వరుసల రోడ్డు మీద ఇరువైపుల చింతలు పైన కలుస్తాయి. నాలుగు వరుసలుగా విస్తరించి, ఇరువైపులా ఖాళీ వదిలి చెట్లు కొట్టాక అలాంటి కలయికకు ఏ చెట్టూ సరిపోదు. తమిళనాడులోని వాల్పారైలో సింహపు తోక కోతుల కోసం రోడ్డు పైన కట్టిన వంతెనల ఉదాహరణను చాలామంది ప్రస్తావిస్తారు. కోతి పగలు తిరుగుతుంది, దూకుతుంది, గుంపును చూసి నేర్చుకుంటుంది. పిడికిట్లో ఇమిడే సన్నని కొమ్మలను మాత్రమే పట్టుకుని, చీకట్లో ఎక్కువగా ఒంటరిగా కదిలే దేవాంగపిల్లికి వెడల్పాటి వేలాడే వంతెన నప్పుతుందని ముందే నమ్మలేం. అందుకే మొదటి సిఫారసుగా, వంక రోడ్డును దాటే చోట వంతెన ఎత్తు పెంచి, దాని కింద రెండు గట్ల మీదా పొదను యథాతథంగా వదలాలని కోరాం. రెండో సిఫారసుగా పైన సన్నని వెదురు బొంగులతో, తీగలతో ప్రయోగాత్మకంగా ఒక దారి కట్టాలన్నాం.

కట్టాక అది వాడుకలోకి వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందన్నది ముందే ఆలోచించాలి. వేడిలో వచ్చే మార్పును పట్టే మామూలు కెమెరా ట్రాప్, చిన్నదైన, నిదానంగా కదిలే జంతువును చాలాసార్లు పట్టుకోదు. వేసవి రాత్రుల్లో కొమ్మ వేడికీ ఒంటి వేడికీ తేడా తక్కువైనప్పుడు మరీ కష్టం. కాబట్టి వంతెన కింద గట్టు మీదా, వెదురు దారి రెండు కొసలా పెట్టే కెమెరాలను కదలికతో పనిలేకుండా రాత్రంతా నిమిషానికొక ఫోటో తీసేలా అమర్చాలని, పని మొదలవకముందు ఒక ఏడాది, రోడ్డు తెరిచాక రెండేళ్లు అవే చోట్ల ఉంచాలని ప్రతిపాదించాం. బ్యాటరీలు మార్చడానికీ, ఫోటోలు వడగట్టడానికీ అయ్యే ఖర్చును సంరక్షణ నిధిలో కాక రోడ్డు పని అంచనాలోనే చూపించాం.